మా ఊళ్ళో లేని అల్లుడు

ఈ సంగతి రాసి పెట్టడం ఎందుకో ముందే చెప్పాలి. ఒక మనిషి గురించి ప్రభుత్వం దగ్గరున్న కాగితాల్లో రెండు ఒకదానికొకటి పడవు. మొదటిదాని ప్రకారం అతను మా ఊళ్ళో ఏనాడూ నివాసం లేడు. రెండోదాని ప్రకారం అతను ఈ రోజుకీ మా ఊళ్ళోనే ఉన్నాడు. రెండూ అబద్ధాలే. రెండూ చెప్పింది మా ఊరివాళ్ళే, అదీ ఒకే ఆవిడ నోటితో. శాసనాలు ఇలా పొంతన లేకుండా దొరికినప్పుడు పండితులు ఎంతగా పోట్లాడుకుంటారో చరిత్ర పుస్తకాల్లో చాలా చదివాను. ఆ కాలంలో ఊళ్ళో ఉన్నవాడెవడో నాలుగు ముక్కలు రాసి పెట్టి ఉంటే అందులో సగం పోట్లాటలు పుట్టేవే కావు. మా ఊళ్ళో ఆ పని చెయ్యడానికి నేనున్నాను.

నేను మోటార్లు రీవైండింగ్ చేస్తాను. బడి చదువు తొమ్మిదితో ఆగింది. తర్వాతి చదువంతా మా శాఖా గ్రంథాలయంలోనే. ఆ గదిలో నేను తెరవని పుస్తకం లేదు, నాకంటే ముందు చెదలు తెరిచినవి తప్ప.

పోయిన నెల ఆ గదికి సున్నం వేస్తూ బీరువా జరిపారు. వెనకనుంచి ఒక బంతి బయటికొచ్చింది. దొర్లుకుంటూ వచ్చిందని రాయలేను. కోడిగుడ్డు ఆకారంలో ఉండటం వల్ల అది కొసల మీద ఎగిరెగిరి పడుతూ, ఎటు పోతోందో దానికే తెలియనట్టు వచ్చి సున్నం బకెట్టుకి కొట్టుకుని ఆగింది. గాలి సగం పోయింది. ఒంటినిండా మిరపకాయ ఎరుపు. అద్దంకి నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన లైబ్రేరియన్ సుభాషిణి గారు దాన్ని చేతిలోకి తీసుకుని, ఇదెవరిదని అడిగారు. పేపర్లు చదువుకుంటున్నవాళ్ళు, సున్నం వేస్తున్నవాళ్ళు, నేను, అందరం ఒక్క గొంతుతో "ఏమోనండి, మాకు తెలీదు" అన్నాం.

అది అల్లుడి బంతి. అక్కడున్న అందరికీ తెలుసు.

అల్లుడంటే మా వీధి సాంబయ్య మేనల్లుడు. సాంబయ్య చెల్లెలు నర్సు చదువు చదివి, గల్ఫ్‌లో కొన్నాళ్ళు చేసి, అక్కణ్ణుంచి న్యూజిలాండ్ వెళ్ళి, సమోవా దీవులకు చెందిన ఒకాయన్ని పెళ్ళి చేసుకుంది. ఆ దీవులు ఎక్కడున్నాయో అట్లాసు తెచ్చి మా వీధి మొత్తానికి చూపించింది నేనే. సముద్రం మధ్యలో ఈగలు వాలినట్టున్న ఆ చుక్కల్ని చూసి సాంబయ్య, "ఇంత దూరం పోయి ఇంత చిన్నది చూసుకుందా" అని బాధపడ్డాడు.

ఆ చిన్నదాంట్లోంచి వచ్చిన మనిషి ఎంత ఉంటాడో తర్వాత తెలిసింది. అతను దిగగానే ఆటో జానెడు పైకి లేచింది. ముప్పై దాటిన వయసు, అరుగు మీద కూర్చుంటే పక్కన ఇంకొకరికి చోటుండదు. మోచేతుల నుంచి భుజాల దాకా పచ్చబొట్లు. చెవులు రెండూ నలిగిపోయి, నూనెలో మాడిన పకోడీల్లా ఉండేవి. ఆ ఆటలో తలలు ఒకదానికొకటి ఒత్తుకుని తోసుకుంటారని, అందువల్ల చెవులు అలా అవుతాయని నేను చెప్పేలోపే ఎదురింటి కోటమ్మ అతని చెవి పట్టుకుని లాగి చూసి, "వీణ్ణి ఏ పంతులు చదివించాడే" అంది. పచ్చబొట్లు మాత్రం ఆవిడకి నచ్చాయి. తన ముంజేతి మీది తేలు బొమ్మ చూపించి, ఇలాంటిది అతనికి లేదని తేల్చింది. మర్నాటి నుంచి ఆవిడ అతనికి అత్త. మా ఈడు మగవాళ్ళం మామలం. కుర్రాళ్ళకి బావ. అసలు పేరు పలకడానికి నోరు తిరగనందువల్ల కాదు, అవసరం పడక ఎవరూ వాడలేదు.

అతనొచ్చిన పని అర్థం కావడానికి ఊరికి చాలాకాలం పట్టింది. అతను రగ్బీ ఆటగాడు. న్యూజిలాండ్‌లో ఆ ఆటకి దేశపు జట్టులో చోటంటే మన దగ్గర క్రికెట్ జట్టులో చోటు లాంటిది. ఒక్కో చోటుకి వందలమంది కాచుకుని ఉంటారు. అతను తన ఊరి జట్టు దాకా వచ్చి అక్కడ ఆగిపోయాడు. వయసు మీదికొస్తోంది. ఒక్కసారైనా ఒక దేశం చొక్కా వేసుకుని ఆడాలన్నది అతని కోరిక. తల్లి వైపు నుంచి భారత్‌కి ఆడే హక్కుంది గాని, ఇక్కడి నియమం ప్రకారం చేతిలో ఇక్కడి పాస్‌పోర్టే ఉండాలి. అది రావాలంటే ఏడాదిపాటు ఇక్కడ నివాసం ఉండి దరఖాస్తు పెట్టుకోవాలి. వచ్చాక అక్కడిది వదులుకోవాలి.

ఇదంతా లైబ్రరీలో ఉన్న పౌరసత్వ చట్టం పుస్తకం చూసి టీ కొట్టు దగ్గర నేను విడమర్చి చెప్పాను. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ దేశపు పాస్‌పోర్టు కోసం పొలాలమ్మినవాళ్ళున్నారు. దాన్ని ఇచ్చేసి మనది తీసుకునే మనిషిని చూడటానికి పక్కూళ్ళ నుంచి బళ్ళ మీద వచ్చారు. తుళ్లూరు వైపు నుంచి ఇద్దరు బ్రోకర్లు కూడా వచ్చారు, ఇంత మనిషి ఊరికే పల్లెటూళ్ళో ఉండడు, ఎకరాలు చూస్తున్నాడని. కోటమ్మ మాత్రం సాంబయ్య భార్యని పిలిచి, "దిష్టి తియ్యవే అంజమ్మా, బిడ్డకేదో పట్టింది" అంది. అంజమ్మ నిజంగానే తీసింది. గుప్పెడు ఎండుమిరపకాయలు అతని చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటే రాలేదు. అంటే దిష్టి చాలా గట్టిగా ఉందని అర్థం. మా ఊరి మిరపకాయకి ఘాటు రాకపోవడమేమిటని రైతులు వేరే గొడవ పెట్టుకున్నారు.

ఆట గురించి విజ్ఞాన సర్వస్వంలో అరపేజీ దొరికింది. బంతిని చేత్తో ఎప్పుడూ ముందుకు విసరకూడదు, వెనకనున్నవాడికే ఇవ్వాలి, ముందుకు పోవాలంటే పట్టుకుని పరిగెత్తాలి. ఇది చదివి వినిపిస్తే టీ కొట్టు వెంకటేశు, "అందరూ ముందుకే ఉరుకుతారు, బంతి వెనక్కే పోద్ది. ఇది మన పంచాయతీ ఆటేగా" అన్నాడు.

అతనికి తెలుగు ధారాళంగా వచ్చు. కాని అది వాళ్ళమ్మ ఊరు విడిచిననాటి తెలుగు. పైగా ఆవిడ పిల్లల్ని తిట్టేటప్పుడు మాత్రమే తెలుగు వాడేదట. అందుకని అతనికి ఆకలైనా, ప్రేమ పుట్టినా, నమస్కారం పెట్టాలన్నా తిట్టే వచ్చేది. సర్పంచ్ శాలువా పట్టుకుని చూడ్డానికొస్తే అతను లేచి రెండు చేతులా వాటేసుకుని, "నీ దుంప తెగ, ఎన్నాళ్ళకి కనపడ్డావయ్యా" అన్నాడు. సర్పంచ్ వెనకాల ఉన్నవాళ్ళు బిగుసుకుపోయారు. సర్పంచ్ మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు తనని బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన అక్క అల్లుడి తల్లేనట, ఆవిడ గొంతు అచ్చంగా అదేనట. ఆ తర్వాత ఊళ్ళో పెద్దమనుషులు అతనితో ఒక తిట్టు తిట్టించుకోకుండా పొద్దు మొదలుపెట్టేవాళ్ళు కాదు.

తెల్లవారుతూనే సాగర్ కాలువ గట్టు మీద పరిగెత్తేవాడు. మొదట్లో కుక్కలు తరిమాయి. వారం తిరిగేసరికి కుక్కలే ముందు పరిగెత్తి, అతను రావడం ఆలస్యమైతే వెనక్కి తిరిగి మొరిగేవి. సాయంత్రం పత్తి పీకేసిన చేలో కబడ్డీ కుర్రాళ్ళని పోగేసి ఆ గుడ్డు బంతి నేర్పేవాడు. పత్తి మోళ్ళ మీద పడి వాళ్ళ మోకాళ్ళు చెక్కుకుపోయేవి. తల్లులు తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు. వాళ్ళ తిట్లు అతను శ్రద్ధగా విని, కొత్తవేమైనా ఉంటే మళ్ళీ చెప్పమనేవాడు. ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు నలిగిన ఎడమ చెవిని వేళ్ళతో పట్టుకుని మెల్లగా నులుముకోవడం అతని అలవాటు.

ఊరు అతన్ని పూర్తిగా కలుపుకున్నది కల్లంలో. మిరపకాయలు ఎండబోసి ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. కాలం కాని వాన. ఎర్రటి కాయ నేలంతా పరుచుకుని ఉంది, ఏడాది కష్టం. ఆడా మగా టార్పాలిన్ పట్టాలు లాగుతున్నారు, కాయ పోగు చేస్తున్నారు. నింపి కుట్టిన బస్తాలు, మా వైపు వాటిని టిక్కీలంటాం, ఇంకా బయటే ఉన్నాయి. అల్లుడు ఒక్కో చంకలో ఒక్కో టిక్కీ ఇరికించుకుని షెడ్డులోకి పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఒక టిక్కీని ఒక హమాలీ వీపు మీద వేసుకుని నడిస్తేనే మేం పని అంటాం. ఆఖరి టిక్కీ లోపల పడ్డాక వాన వచ్చింది. అతని కళ్ళల్లో, ముక్కులో, పచ్చబొట్లలో కారమంతా దూరి, తలుపు దగ్గర కూర్చుని గట్టిగా ఏడుస్తూ తుమ్ముతున్నాడు. అంజమ్మ కుండెడు మజ్జిగ నెత్తిన పోసింది. ఆ రోజు బంతి కూడా కల్లంలోనే ఉండిపోయింది. దాని మీది ఎరుపు అప్పటిది.

ఇక అసలు సంగతికి రావాలి. దానికి ముందు మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. చేతిలో కాగితం పట్టుకుని వచ్చి, ఫలానా మనిషి ఇక్కడ ఉంటాడా అని ఎవరడిగినా లేడనే చెబుతాం. ఫైనాన్సు మనిషి కావచ్చు, పురుగుమందుల కొట్టు గుమాస్తా కావచ్చు, కోర్టు అమీనా కావచ్చు. ముందు లేడంటాం. వచ్చినవాడు వెళ్ళాక ఆ ఫలానావాణ్ణి పిలిచి, నీ కోసం ఎవరో వచ్చారు, ఏం చేశావని అడుగుతాం. మంచికే వచ్చాడని తేలితే అప్పుడు కబురు పంపుతాం. నేను చదివిన పుస్తకాల్లో దీన్ని ప్రజల మౌన ప్రతిఘటన అంటారు. మా ఊళ్ళో ఇరుగుపొరుగు మర్యాద అంటారు.

ఏడాది నిండింది. అల్లుడు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక కానిస్టేబుల్ మామూలు బట్టల్లో, ఫైలుతో, మోటారు సైకిలు మీద మా ఊరొచ్చాడు. నేను ఆ రోజు రాగి తీగ కొనడానికి గుంటూరు వెళ్ళాను. కాబట్టి ఇక్కడి నుంచి కొంత భాగం నలుగురి నోటా విని, ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరితో సరిపోల్చి రాస్తున్నాను.

కానిస్టేబుల్ ముందు కోటమ్మకి ఫొటో చూపించాడు. ఆవిడ దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, వెనక్కి తిప్పి కూడా చూసి, "ఎవురీ బండోడు? మా వైపు మనిషి కాదు నాయనా, ఎప్పుడూ చూళ్ళేదు" అంది. టీ కొట్టులో ఇంకా గట్టిగా చెప్పారు. ఈలోపు ఎవరో ఫోను చేస్తే, చేలో ఉన్న అల్లుణ్ణి కుర్రాళ్ళు పత్తి నిలవ చేసిన కొట్లోకి తోసి బయట గొళ్ళెం పెట్టారు. ఎందుకని అడిగితే తర్వాత చెబుతాం బావా అన్నారట.

కానిస్టేబుల్ చివరికి సాంబయ్య ఇంటికొచ్చాడు. పోలీసని సాంబయ్యకి బూట్లు చూడగానే తెలిసిపోయింది. పరాయి దేశపువాణ్ణి పట్టుకుపోవడానికి వచ్చారనుకున్నాడు. మా చెల్లెలి కొడుకు ఎప్పుడో వచ్చి రెండ్రోజులుండి పోయాడండి, మళ్ళీ మొహం చూళ్ళేదండి అని చెప్పాడు. అదే సమయానికి వాకిట్లో తీగ మీద అల్లుడి నిక్కరు ఆరేసి ఉంది. గాలికి నిండి, పందిరి వేసినట్టు ఆడుతోంది.

"ఆ నిక్కరెవరిది?" అన్నాడు కానిస్టేబుల్.

"నాదేనండి."

సాంబయ్య బక్కపల్చని మనిషి. ఆ నిక్కరు ఒక్క కాల్లో సాంబయ్య, ఇంకో కాల్లో అంజమ్మ పట్టి, ఇంకా గాలాడుతుంది. కానిస్టేబుల్ నిక్కర్ని చూశాడు, సాంబయ్యని చూశాడు.

"వేసవి కదండి," అన్నాడు సాంబయ్య. "కాస్త వదులుగా కుట్టించా."

కానిస్టేబుల్ రాసుకుని వెళ్ళిపోయాడు.

నేను బస్సు దిగేసరికి సాయంత్రమైంది. అప్పుడే అల్లుణ్ణి కొట్లోంచి బయటికి తెచ్చారు. నెత్తి నుంచి కాళ్ళ దాకా దూది. కనుబొమ్మల మీద, పకోడీ చెవుల్లో, అంతా తెల్లగా. టీ కొట్టు ముందు అరుగు మీద కూర్చోబెట్టి, గండం గడిచిన మనిషికి చేసినట్టు మర్యాదలు చేస్తున్నారు.

"పోలీసాయన నీ కోసం వచ్చాడ్రా అల్లుడూ," అంది కోటమ్మ.

అతని మొహం వెలిగింది. ఆ మనిషి కోసమే అతను నెల రోజులుగా కాచుకుని ఉన్నాడు. "ఏమడిగాడు?"

"నువ్విక్కడే ఉంటన్నావా అని."

"ఏం చెప్పావత్తా?"

"లేవని చెప్పా," అంది కోటమ్మ. "నేనేంటి, ఊరు ఊరంతా చెప్పింది. ఒక్క నోరు జారలా."

అతను రెండు చేతులతో రెండు చెవులూ పట్టుకున్నాడు. గుంజీళ్ళు తియ్యబోతున్నాడేమో అనుకున్నాం. అలాగే తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఉండిపోయాడు. భుజాలు కదులుతుంటే దూది రాలుతోంది. సంగతి నాకు అర్థమైంది. ఏడాదిగా ఇక్కడే ఉన్నాడా లేదా అని నిర్ధారించుకోవడానికే ఆ మనిషి వచ్చాడని, ఉన్నాడన్న ఒక్క మాట కోసమే అల్లుడు ఆ ఏడాదంతా ఉన్నాడని నేను చెప్పాను. జట్టు ఎంపిక దగ్గరలోనే ఉందని, తర్వాతి ఏటికి అతనికి ఇంకో ఏడు మీద పడుతుందని కూడా చెప్పాను.

కోటమ్మ, "మరి ముందే చెప్పొద్దా, ఉన్నావని చెప్పాలని" అంది.

అతను తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నీ దుంప తెగ అత్తా," అన్నాడు. ఆ ఏడాదిలో ఆ తిట్టు తిట్టులాగా వినిపించింది అప్పుడొక్కసారే.

మర్నాడు రెండు ట్రాక్టర్ల నిండా జనం టౌను పోలీస్ స్టేషనుకి వెళ్ళాం. పిలవకుండా స్టేషనుకి వచ్చిన జనాన్ని చూసి అక్కడివాళ్ళు మొదట గేటు మూశారు. లోపల ఆ కానిస్టేబులే ఉన్నాడు. అందరూ ఒకేసారి ఉన్నాడండి, ఉన్నాడండి అంటుంటే ఆయన చేతులు చెవులకి అడ్డం పెట్టుకున్నాడు.

"నిన్న లేడన్నారు. ఇయ్యాళ ఉన్నాడంటున్నారు. దేన్ని రాయమంటారు?"

"నిన్న నువ్వెవరో మాకు తెలీదుగా నాయనా," అంది కోటమ్మ.

"ఆ నిక్కరు నాది కాదండి," అన్నాడు సాంబయ్య. ఇదొక్కటీ కానిస్టేబుల్ వెంటనే నమ్మాడు.

కాని ఊరి మాట మీద ఆయనకి ఇక గురి లేదు. ఎవరినో కాపాడ్డానికి నిన్న అబద్ధమాడినవాళ్ళు ఇవాళ ఆడరని ఏమిటన్నాడు. ఆయన అల్లుడి వైపు తిరిగి, మర్యాదకి అడిగినట్టు, ఏం బాబూ, ఎలా ఉంది మా వైపు అన్నాడు.

అల్లుడు ఎడమ చెవి నులుముకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"ఏముంది నా మొహం. కాలవ చివర చేలకి నీళ్ళడిగితే రేపంటారు. కరెంటడిగితే అర్ధరాత్రంటారు. విత్తనాలోడు మొలకెత్తుద్దన్నాడు, మందులోడు పురుగు చచ్చుద్దన్నాడు. తీరా చూస్తే విత్తనం చచ్చింది, పురుగు మొలకెత్తింది. నల్ల తామర పురుగు పువ్వులో కూర్చుని నవ్వుద్దయ్యా, నేను చూశా. మిగిలింది కోసి మిర్చి యార్డుకి తోలితే తాలుకాయ ఎక్కువంటారు, తేమ ఎక్కువంటారు. మా మామ రేటొచ్చిందాకా ఆగుదామంటాడు, మా అత్త ఇప్పుడే అమ్మమంటది. ఇద్దరూ నన్నడుగుతారు. నేను బంతాట ఆడేవాణ్ణి, నన్నడుగుతారేంటి వీళ్ళ దుంపలు తెగ."

ఇంకా చాలాసేపు సాగింది. కౌలు సంగతి, కూలి మనుషులు దొరకని సంగతి, పట్టాలు అరువిచ్చి తిరిగి తీసుకోలేని సంగతి. రాసేవాళ్ళు రాయడం ఆపి విన్నారు. కానిస్టేబుల్ వాళ్ళదీ మిరప రైతు కుటుంబమేనట. ఆయన కలం మూత తీశాడు.

"ఈ ఏడుపు ఏడాది ఇక్కడ ఉండకుండా రాదు," అని మళ్ళీ రాశాడు.

అయితే మొదటి కాగితం అప్పటికే పైకి పోయింది. దాన్ని రెండోసారి రాసింది తరుముకుంటూ వెళ్ళి, రెండూ ఎక్కడో కలుసుకుని, ఏది నిజమని ప్రశ్నలు పుట్టి, జవాబులు వెళ్ళి, ఈలోపు ఆ ఏటి ఎంపిక అయిపోయింది. అల్లుడు ఇంకో ఏడు ఉండిపోయాడు. మళ్ళీ కల్లం, మళ్ళీ కాలువ గట్టు, అవే కుక్కలు. మోకాలికి ఆముదం రాయించుకుంటూ కూర్చునేవాడు. కోటమ్మ ఆ ఏడాదంతా అతనికి ఏదో ఒకటి వండి పంపుతూనే ఉంది.

చివరికి పాస్‌పోర్టు వచ్చింది. మా వైపు ఎవరు కొత్త బండి కొన్నా పెదకాకాని గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. సాంబయ్య పాస్‌పోర్టుని కూడా అలాగే తీసుకెళ్ళాడు. పూజారి పసుపూ కుంకుమా పెట్టాక, దీనికి చక్రాలేవని అడిగాడు. సాంబయ్య అల్లుడి కాళ్ళు చూపించాడు. నిమ్మకాయలు వాటి కింద పెట్టారు. పాస్‌పోర్టు మొదటి పేజీలో ఆ కుంకుమ మరక ఇప్పటికీ ఉండే ఉంటుంది.

జట్టులోకి తీసుకున్నారు. ఆట వేరే దేశంలో. వెంకటేశు ఫోనుని టీ డబ్బాకి ఆనించి పెట్టాడు, వెనక మేమందరం. అల్లుడు బయట బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. మన జట్టు అప్పటికే చిత్తుగా ఓడుతోంది. ఆట అయిపోవస్తోందనగా అతన్ని దింపారు. బంతి ఒక్కసారే చేతికొచ్చింది. చంకలో టిక్కీ ఇరికించుకున్నట్టే ఇరికించుకుని పరిగెత్తాడు. ఒకడు కాలు పట్టుకున్నాడు, ఒకడు నడుము, ఒకడు మెడ. వాళ్ళని ఈడ్చుకుంటూ గీత దగ్గర దాకా పోయాడు. అక్కడ పడిపోతూ బంతిని వెనక్కి వదిలాడు. వెనకనుంచి వచ్చిన కుర్రాడెవడో అందుకుని గీత దాటాడు. పాయింట్లు ఆ కుర్రాడి పేరు మీద పడ్డాయి.

"రెండేళ్ళు మన తిండి తిని, చివరికి ఎవడి చేతిలోనో పెట్టాడే," అంది కోటమ్మ. ముందుకు విసరకూడదు, వెనకవాడికే ఇవ్వాలని నేను నియమం చెప్పాను. "తెలుసులే," అని ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

అతను దేశానికి ఆడింది అంతే. తర్వాతి జట్టులో పేరు లేదు. తిరిగొచ్చి మళ్ళీ కుర్రాళ్ళకి నేర్పుతున్నాడు. అప్పుడే అక్కడ వాళ్ళమ్మకి జబ్బు చేసింది. వెళ్దామంటే, పుట్టి పెరిగిన దేశానికి ఇప్పుడతనికి వీసా కావాలి. దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది, మీరు తిరిగి భారతదేశానికి వెళ్ళిపోతారని నమ్మకమేమిటి, అక్కడ మీకేమున్నాయి అని. టీ కొట్టు దగ్గర అది పైకి చదివి అతను పడీపడీ నవ్వాడు. "ఇప్పుడు పూర్తిగా ఇండియన్నయ్యా మామా," అన్నాడు నాతో. ఊళ్ళో వీసా బాధలు పడనివాళ్ళు లేరు కాబట్టి తలా ఒక సలహా ఇచ్చారు. వాడు తిరిగొస్తాడని మేం చెబుతామని కోటమ్మ అంది. నీ మాట ఎవరూ అడగరులే వదినా అన్నాను.

వీసా వచ్చింది. వెళ్ళేముందు బంతిని తెచ్చి లైబ్రరీలో నాకిచ్చాడు. మామ ఇంట్లో ఎలుకలు కొరుకుతాయట. వచ్చాక తీసుకుంటానంటే బీరువా వెనక దాచాను. ఆ రోజు ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అందువల్ల అతనికి బాధగా ఉందని తెలిసింది.

ఇంకా రాలేదు. వాళ్ళమ్మ మంచం దిగలేదని, గడువు పెంచారని సాంబయ్య అంటాడు. అక్కడే ఉండిపోతాడని టీ కొట్టులో అంటారు. నిజం నాకు తెలియదు.

బంతి బయటపడ్డ వారంలోనే సాంబయ్య ఇంట్లో మోటారు కాలిపోతే విప్పడానికి వెళ్ళాను. గ్రామ సచివాలయం నుంచి ఒకమ్మాయి ట్యాబు పట్టుకుని ఇంటింటి సర్వే చేస్తూ వచ్చింది. సాంబయ్యా అంజమ్మా చేలో ఉన్నారు. అరుగు మీద కోటమ్మే ఉంది. ఈ ఇంట్లో ముగ్గురి పేర్లున్నాయి, మూడో మనిషి ఉంటున్నాడా లేడా అని ఆ అమ్మాయి అడిగింది.

కోటమ్మ రెప్ప కొట్టలేదు. "ఉన్నాడమ్మా. చేలోకెళ్ళాడు. పొద్దుగూకాక వస్తాడు."

ఆ అమ్మాయి తీగ వైపు చూసింది. అక్కడ పందిరంత నిక్కరు ఒకటి ఆరేసి ఉంది. తల ఊపి, ట్యాబు మీద వేలితో నొక్కి, పక్కింటికి వెళ్ళిపోయింది.

"ఏంటొదినా అది?" అన్నాను.

"అప్పుడు ఉన్నోణ్ణి లేడని చెప్పి వాడి ఏడాది మింగా," అంది కోటమ్మ. "ఇప్పుడు లేనోణ్ణి ఉన్నాడని చెప్పా. నువ్వు నీ మోటారు చూసుకో."

నేను నా మోటారు చూసుకున్నాను. ఊళ్ళో లేని మనిషి నిక్కరు ఎందుకు తడిసిందని మాత్రం, అంజమ్మ వచ్చాక కూడా అడగలేదు.

ఈ నాలుగు పేజీలు నా ఒక్కడివల్ల కాలేదు. నిక్కరు సంగతి రాయడానికి ఒప్పుకున్న సాంబయ్యకి, కల్లం నాటి వాన ఎటు నుంచి వచ్చిందో సరిచేసిన అంజమ్మకి, రెండుసార్లూ అదే నిబ్బరంతో మాట్లాడి, ఇప్పుడు ఆ మాటలు అచ్చు వేసుకోమన్న కోటమ్మకి, ఆట చూసిన ఫోను చార్జీ పెట్టిన వెంకటేశుకి రుణపడి ఉన్నాను. స్టేషనులో జరిగినదాన్ని చదివి తన మాట ఒకటి దిద్దిన కానిస్టేబుల్ సత్యనారాయణ గారికి, పౌరసత్వ చట్టం పుస్తకం గడువు దాటినా అడగని సుభాషిణి గారికి నమస్కారాలు. బంతికి ఆవిడే గాలి కొట్టించి బీరువా పైన పెట్టారు. ఎవరిదని మళ్ళీ అడగలేదు.

అతని పేరు ఎక్కడా రాయలేదని మీరు చూసే ఉంటారు. కాగితం పట్టుకున్నవాళ్ళకి చెప్పకపోవడం మా ఊరి పద్ధతి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నదీ కాగితమే.